రాయియైన అడవి

ప్రాణమున్నది రాయిగా మారుటయు, రాయి మరల ప్రాణము పొందుటయు మన కథలకు క్రొత్త గాదు. అహల్య కథ నెరుగని తెలుగు బాలుడుండడు. అయితే వాల్మీకి ఆమెను శిలగా చేయలేదు. బూడిదలో పరుండి, గాలినే ఆహారముగా గొని, ఎవరికిని కనబడక తపించినదని మాత్రమే చెప్పెను. ఆమె శిల యగుట తరువాతివారి కల్పన. ఆ కల్పనయే జనుల హృదయములలో నిలిచిపోయినది.

ఇక దేవతార్చన పెట్టెలో సాలగ్రామము గల యిండ్లు తెలుగునాట నేటికిని ఎన్నియో కలవు. నేపాళమున గండకీనదిలో దొరకు ఆ నల్లని రాతిలోని చక్రము, కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రమున జీవించిన అమ్మొనైటు అను ప్రాణి యొక్క గుల్ల. నిత్యము అభిషేకము పొందు ఆ శిల శాస్త్రదృష్టితో చూచినచో ఒకనాటి జీవమే. జీవము శిల యగుట కవుల ఊహ మాత్రమే కాదనియు, ప్రకృతిలో జరిగిన కార్యమనియు చెప్పుటకు ఇంతకంటె దగ్గరి సాక్ష్యము వేరొకటి యక్కరలేదు. గుల్ల యొకటి రాయియైనచో సాలగ్రామము. అడవికి అడవియే రాయియైనచో ఎట్లుండును? దానిని చూడదలచినవారు రాజస్థానపు ఎడారికి పోవలెను.

రావిర్యాల బండలలో లేనిది

ఎడారికి పోవుటకు ముందు మన ముంగిటి రాతి నొకమారు పరికింపవలెను. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము ప్రాంతమునందలి రావిర్యాల వంటి గ్రామములలోని పిల్లలకు రాయి బాల్యమిత్రము. ఒకదానిపై నొకటి ఎవరో పేర్చినట్లుండు బండలు, వాని సందులలో సీతాఫలపు పొదలు, గుట్టల నడుమ చెరువులు, ఇది ఆ సీమ స్వరూపము. ఈ గ్రానైటు బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. వీనిని ఎన్ని ముక్కలు చేసినను ఆకు జాడగాని, మాను నార గాని కానరాదు. భూగర్భమున మరగుచుండిన ద్రవము మెల్లమెల్లగా చల్లారి గట్టిపడగా నేర్పడిన రాయి యిది. ఆ వేడిమిలో ఏ ఆకును నిలువజాలదు. అంతకంటె ముఖ్యమైన కారణ మింకొకటి కలదు. ఆ రాయి పుట్టునాటికి భూమిపై చెట్టనునదే లేదు. తొలి వృక్షములు పుట్టినది సుమారు 38 కోట్ల సంవత్సరముల క్రిందట మాత్రమే.

కావున రాతిచెట్టును వెదకువాడు గ్రానైటు సీమను విడిచి, ప్రాచీన నదులు ఇసుకను, బురదను మోసికొనివచ్చి పొరలు పొరలుగా పరచిన చోటికి పోవలెను. అట్టి పొరలు మన గోదావరి లోయలోను కలవు. వాని ప్రసంగము ముందు రాగలదు. ఆ పొరలపై నేడు పచ్చని చెట్టుగాని, నీటిచుక్కగాని లేక, ఒకనాటి అడవి తన రాతిశరీరముతో బయల్పడియున్న చోటు థార్ ఎడారిలోని అకల్.

జమ్మిచెట్టు నాడు, రాతిమ్రాను నాడు

జైసల్మేరు నగరము నుండి బార్మేరునకు పోవు బాటలో సుమారు 17 కిలోమీటర్ల దూరమున అకల్ శిలాజ వనము కలదు. అచ్చట సంవత్సరమునకు కురియు వాన 20 సెంటీమీటర్లకు అటు నిటు. వేసవిలో ఎండ 45 డిగ్రీలను దాటుచుండును. బాట పొడవునను గులకరాళ్ల నేల, ఇసుక, జిల్లేడు పొదలు, నడుమ నడుమ ముళ్లతో నిండిన ఒక చెట్టు. రాజస్థానీయులు దానిని ఖేజ్రీ యందురు. తెలుగువాడు దగ్గరకు పోయి చూచినచో ఆశ్చర్యపడును. అది మన జమ్మిచెట్టు. దసరానాడు మనము పూజించి ఆకు నిచ్చి పుచ్చుకొను శమీవృక్షమే ఎడారివాసికి నీడయు, పశువులకు మేతయు నై యున్నది. 1730లో జోధపురమునకు సమీపమునగల ఖేజర్లీ గ్రామమున రాజభటులు ఈ చెట్లను నరుకవచ్చినపుడు, అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకొని ప్రాణము లర్పించిరి. బ్రతికియున్న చెట్టునకై ప్రాణమిచ్చినవారి దేశముననే, మరణించియు నశింపని చెట్లును ఉన్నవి.

శిలాజ వనమను మాట విని, నిలువుననున్న రాతిచెట్లను, రాతి కొమ్మలను ఊహించుకొని వచ్చు యాత్రికునికి మొదటి చూపున నిరాశ కలుగును. 21 హెక్టార్ల బోడినేల. అందు సుమారు 25 మ్రాకులు, అన్నియును పడియున్నవే. ఇనుపజాలముల లోపల, రేకుల కప్పుల క్రింద అవి బందీలవలె నుండును. వానిలో మిక్కిలి పొడవైనది దాదాపు 13 మీటర్లు. కొమ్మలు లేవు, ఆకులు లేవు. తొందరపడువాడు పది నిమిషములలో చూచి వెడలిపోవును.

నిలిచి చూచువానికి మాత్రము కొంతసేపటికి కన్ను తెరచుకొనును. ఆ మ్రానుపై నార వరుసలు పొడవునా సాగుచుండును. ముడులు పడిన చోటులు గుర్తింపవచ్చును. గోధుమవన్నెయు, ఎరుపును, పసుపును కలిసిన ఆ రంగు చూచినచో నిన్ననే నరికి ఎండవేసిన కలప యనిపించును. చేతికి తగిలిన ముక్క మాత్రము చల్లగా, బరువుగా, గాజువలె గట్టిగా నుండి కన్ను చెప్పినదానిని కాదనును. ఎండిన కలప నీటిపై తేలును. ఈ కలప ఘనపుటడుగు 70 కిలోలకు పైగా తూగును. చాకుతో గీచినచో చాకే అరుగును. కన్ను మ్రాననుచుండగా చేయి రాయి యనుచుండును. రెండును సత్యమే పలుకుచున్నవి.

ఈ మ్రాకుల వయస్సు సుమారు 18 కోట్ల సంవత్సరములు. భూగర్భశాస్త్రజ్ఞులు జురాసిక్ యుగమని చెప్పు కాలమది. ఆనాడు పూచెడి చెట్లింకను భూమిని ఆక్రమింపలేదు. దేవదారు జాతికి దూరపు బంధువులైన శంకువృక్షములును, ఈతచెట్టును పోలు సైకడ్‌లును, ఫెరన్ మొక్కలును అడవికి రాజులు. నేడు నీటిచుక్క దొరకని అకల్‌లో ఆనాడు నదులు పారెను, వానలు కురిసెను. ఆ తరువాత ఆ ప్రాంతమును సముద్రము ముంచెను. జైసల్మేరు పరిసరములందలి పసుపువన్నె సున్నపురాయి ఆ సముద్రపు అడుగున ఏర్పడినదే. 1156లో కట్టనారంభించిన జైసల్మేరు కోట ఎండలో బంగారమువలె మెరయుటకు కారణము ఆ పసుపురాయియే. తొలుత అడవి, పిదప సముద్రము, నేడు ఎడారి. ఒకే నేల ఈ మూడు వేషములను ధరించినది.

మ్రాను రాయి యగు విధము

ఇది యెట్లు జరిగెను? చెట్టు చచ్చినచో చెదలు తినును, బూజు పట్టును, గాలియు నీరును దానిని మన్నుగా చేయును. కోటి చెట్లలో ఒక్క చెట్టు ఈ గతిని తప్పించుకొనవలెనన్నచో మూడు సంగతులు కూడిరావలెను. మొదటిది, అది త్వరగా పూడిపోవలెను. వరదలో కొట్టుకొనివచ్చిన మ్రాను ఇసుకమేటలో కూరుకొనిపోయినచో దానికి గాలి తగులదు. గాలి తగులనిచో కుళ్లుట మందగించును. రెండవది, ఆ ఇసుకలో ఊరు నీటియందు సిలికా కరగియుండవలెను. ఇసుకరేణువులలోను, అగ్నిపర్వతములు చిమ్మిన బూడిదలోను ఉండు పదార్థమే సిలికా. మూడవది కాలము.

కలప యనగా లక్షలకొలది సన్నని గొట్టముల కట్ట. బ్రతికియుండగా ఆ గొట్టములగుండ వేరునుండి ఆకునకు నీరు ప్రాకుచుండెను. చచ్చి పూడిన పిదప అవే గొట్టములగుండ సిలికా నీరు ప్రవేశించెను. అది మొదట ఖాళీలను నింపెను, పిదప గోడలనంటి గట్టిపడెను. కాలక్రమమున గోడలు కరగిపోగా వాని స్థానమును కూడ సిలికాయే ఆక్రమించి, తుదకు స్ఫటికముగా మారెను. మైనముతో చేసిన బొమ్మను మట్టిలో పొదిగి, మైనము కరగిపోయిన చోట కంచును పోసి విగ్రహము చేయు శిల్పి పని కొంతవరకిట్టిదే. అయితే శిల్పి బొమ్మ పైరూపమును మాత్రమే నిలుపును. ప్రకృతి లోని కణమును కూడ నిలిపినది. రాతిమ్రానును పలుచని రేకుగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో కణములు కణములుగానే కనబడును. ఇనుము కలిసిన నీరు దానికి ఎరుపును, పసుపును అద్దెను. మాంగనీసు నలుపు నిచ్చెను.

సిలికా దొరకనిచోట పూడిన అడవికి వేరొక గతి పట్టినది. మన సింగరేణి బొగ్గు అట్టి అడవియే. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు సమీపమున కనుగొనిన ఆ బొగ్గు, అకల్ మ్రాకులకంటె సుమారు 10 కోట్ల సంవత్సరములు ముందుగా పెరిగిన చెట్ల శేషము. అచ్చట చెట్టు తన రూపమును పోగొట్టుకొని శక్తిని దాచుకొనినది. ఇచ్చట శక్తిని పోగొట్టుకొని రూపమును దాచుకొనినది. బొగ్గు మన దీపములను వెలిగించును. రాతిమ్రాను మన తెలివిని వెలిగించును. ఆ చెట్టు ఏ జాతిది, ఏ వాతావరణమున పెరిగినది, ఋతువులు మారుచుండెనా, నది ఏ దిక్కునకు పారెను అను ప్రశ్నలకు అది సమాధాన మీయగలదు. ఇట్టి ప్రశ్నలకే తన జీవితమును ధారపోసిన భారతీయుడు బీర్బల్ సాహ్ని. లక్నోలో ఆయన నెలకొల్పిన పురావృక్షశాస్త్ర సంస్థకు 1949 ఏప్రిల్ 3న నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఆ శంకుస్థాపన శిలలో సాహ్ని శిలాజములనే పొదిగించెను. మరి వారము దినములకే ఆయన కన్నుమూసెను.

జేబులో చేరిన ముక్క

రాతిమ్రాను ఈ విధముగా మాటలాడవలెనన్నచో ఒక నియమము కలదు. అది తానున్న చోటనే ఉండవలెను. ఏ పొరలో, ఏ దిక్కునకు తల పెట్టి, దేని ప్రక్కన పడియున్నదో తెలిసినపుడే అది సాక్షి. చోటు తప్పినచో అందమైన రాయి మాత్రమే. అకల్‌లోని ఇనుపజాలములు కంటికి ఇంపుగా నుండవన్నది నిజమే. అవి లేనిచోట ఏమి జరిగెనో అమెరికా దేశపు అరిజోనా ఎడారి చెప్పగలదు.

అచ్చట 20 కోట్ల సంవత్సరములు దాటిన రాతిమ్రాకులు మైళ్ల కొలది పరచుకొనియున్నవి. మ్రాను లోపల రంగురంగుల స్ఫటికములు మెరయుచుండును. రైలుమార్గము వచ్చిన పిదప జనులు అచ్చటికి గుంపులుగా చేరిరి. విలువగల స్ఫటికములకై కొందరు మ్రాకులను మందుగుండుతో పగులగొట్టిరి. 1890 తరువాతి సంవత్సరములలో ఈ మ్రాకులను పిండిచేసి సానపొడిగా అమ్ముటకు ఒక యంత్రమును సైతము తెచ్చి నిలిపిరి. ఇది చూచి అచ్చటి ప్రజలు మేల్కొనిరి. 1895లో అరిజోనా శాసనసభ ఈ వనమును కాపాడుమని కేంద్రమునకు విన్నవించెను. 1906 డిసెంబరు 8న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు దానిని జాతీయ స్మారకముగా ప్రకటించెను. 1962లో అది జాతీయోద్యానమైనది.

యంత్రము పోయినది గాని జేబు పోలేదు. చూడవచ్చినవారు చిన్నముక్కయే గదా యని తీసికొనిపోవుచుండిరి. ఇంతలో విచిత్ర మొకటి జరిగినది. తీసికొనిపోయినవారిలో కొందరు, ఒక్కొక్కప్పుడు ఎన్నో యేండ్ల తరువాత, ఆ ముక్కలను తపాలాలో తిరిగి పంపనారంభించిరి. వానితోపాటు క్షమాపణ లేఖలు. ఆ రాయి యింట చేరినది మొదలు కష్టములే వచ్చినవని కొందరు వ్రాసిరి. తప్పు చేసితిమని కొందరు వ్రాసిరి. ఉద్యానాధికారులు ఆ లేఖలను భద్రపరచిరి. రాళ్లను మాత్రము వనములో ఉంచలేకపోయిరి. ఏ ముక్క ఏ చోటిదో ఎవరు చెప్పగలరు? తెలియనిచోట ఉంచినచో రేపటి శాస్త్రజ్ఞునికి అది తప్పుడు సాక్ష్యమగును. కావున వానిని ఒక ప్రక్కన కుప్పగా పోసిరి. జనులు దానికి పశ్చాత్తాపపు కుప్ప యను అర్థము వచ్చు పేరు పెట్టిరి. పశ్చాత్తాపము రాతిని వెనుకకు తేగలిగినది గాని, రాతికి మాటను తేలేకపోయినది.

మన యింటి సంగతి

ఈ పాఠము ఎడారులకు మాత్రమే చెందినది కాదు. దక్షిణదేశమున విల్లుపురము జిల్లా తిరువక్కరై యందు సుమారు 2 కోట్ల సంవత్సరముల నాటి రాతిమ్రాకులు రమారమి 200 కలవు. అవి పూర్వము రాక్షసుల యెముకలని ప్రజల ప్రతీతి. 1940లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ అచ్చట శిలాజ వనమును నెలకొల్పెను. పెరంబలూరు జిల్లా సాత్తనూరులో 18 మీటర్ల పొడవున నొకే మ్రాను పడియున్నది. దానిని 1940లో లోకమునకు తెలిపినవాడు ఎం.ఎస్. కృష్ణన్. ఆయన తరువాతి కాలమున ఆ సర్వేక్షణ సంస్థకు అధిపతియైన తొలి భారతీయుడు. అకల్‌ను, తిరువక్కరైను, సాత్తనూరును, మన తిరుమల శిలాతోరణమును ఆ సంస్థ జాతీయ భూగర్భ స్మారకములుగా గుర్తించినది.

ఇక గోదావరి లోయ. కాళేశ్వరమునొద్ద ప్రాణహిత గోదావరిలో కలియును. ఆవలి యొడ్డున మహారాష్ట్రమునకు చెందిన సిరొంచ తాలూకా. పాలన మరాఠీదైనను అచ్చటి పల్లెలలో తెలుగు వినిపించుచునే యుండును. ఆ తాలూకాలోని పోచంపల్లి గ్రామము దగ్గర 1960-61లో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థవారు త్రవ్వగా మహాకాయమైన డైనోసార్ ఎముకలు మూడువందలకు పైగా బయల్పడినవి. తొడయెముక ఒక్కటియే 1.7 మీటర్ల పొడవు. అది రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సమయము. 1975లో దానికి బారపాసారస్ టాగోరై యని పేరు పెట్టిరి. బారపా యనగా పెద్దకాలు. పాఠ్యపుస్తకములలో ఈ డైనోసార్ పేరు కనబడును గాని, దానితో పడియున్నదాని మాట అంతగా కనబడదు. ఆ యెముకల నడుమ మీటర్ల పొడవుగల రాతిమ్రాకులు దొరకినవి. మృగమును, మ్రాకులును ఒకే వరదలో కొట్టుకొనివచ్చి ఒకే ఇసుకలో పూడినవని శాస్త్రజ్ఞు లూహించిరి. ఆ మ్రాకులను ఎవరైన ముందుగానే ఏరుకొని పోయియున్నచో, ఆ వరద కథ మనకు తెలిసెడిది కాదు. ఎముక ఒంటరిదై మిగిలియుండెడిది.

ఆ లోయలోనే, పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామనపల్లి యొద్ద దొరకిన మరియొక డైనోసార్‌కు 1988లో పి. యాదగిరి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణము చేసెను. తెలంగాణపు పల్లెపేరు ఈ విధముగా ప్రపంచ శాస్త్రగ్రంథముల కెక్కినది. దాని అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలబెట్టియున్నది. ఇవి యన్నియు అకల్ మ్రాకులకు ఇంచుమించు సమకాలికములే. ఈ ప్రాచీన ఖండమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన గోండ్వానా యను పేరు సైతము గోండుల సీమనుండి పుట్టినదే. ఆ గోండులు నేటికిని ప్రాణహిత యొడ్డున సేద్యము చేసికొనుచున్నారు. సిరొంచ తాలూకా వడధంలో మహారాష్ట్ర అటవీశాఖవారు శిలాజ వనమును ఏర్పరచిరి. ఇది హర్షింపదగినది. అయితే నదీలోయ పొడవునను ప్రతి వాగునకు, ప్రతి చేనుగట్టునకు కంచె వేయుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము గాదు. 2022 డిసెంబరులో కేంద్ర గనుల మంత్రిత్వశాఖ భూవారసత్వ స్థలముల రక్షణకై ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయమునకై వెలువరించినది. చట్టము అవసరమే. కాని చట్టము చేరుటకు ముందే నాగలి చేరును, ఇసుకబండి చేరును, ఆటలాడు పిల్లవాని చేయి చేరును.

ఆ చేతిని తీర్చిదిద్దగలవాడు ఉపాధ్యాయుడు. రావిర్యాల బడిలో గ్రానైటు ముక్కను చూపి ఇందు చెట్టు ఏల లేదో చెప్పుట పాఠమునకు ఆరంభము. రాజధాని ప్రదర్శనశాలలో కోటాసారస్‌ను చూపుట రెండవ మెట్టు. అకల్‌కో, తిరువక్కరైకో పోగలిగినవారు పోవుదురు గాక; పోలేనివారికి లోటు లేదు. గోదావరి, ప్రాణహితల పల్లెలలోని బడులకు మాత్రము మరియొక బాధ్యత కలదు. విద్యార్థి వింతరాయి నొకటి చూచినచో దానిని బడికి తేరాదు. అది పడియున్న తీరును ఉన్నదున్నట్లు చిత్రించి, వాగు పేరు, పొలము గుర్తు, చూచిన తేదీ పుస్తకమున వ్రాసికొనవలెను. ఉపాధ్యాయుడు హైదరాబాదు బండ్లగూడలోని భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయమునకు ఒక ఉత్తరము వ్రాయవలెను. దీనికి ధనము అక్కరలేదు, పరికరములు అక్కరలేదు.

నది యొడ్డున 18 కోట్ల యేండ్లు కదలక పడియున్న మ్రానును జేబులో వేసికొనుటకు ఒక్క నిమిషము చాలును. దానిని అచ్చటనే విడిచి, దాని చిరునామాను వ్రాసికొని వచ్చు పిల్లవాడు ఒక్కడు ఊరి కున్నను, ప్రాణహిత తీరపు రాతిమ్రాకులకు ఇనుపజాలముతో పని లేదు.